చింతపిక్కల లెక్క... సైన్సు పత్రికకి!

పోయిన ఏడాది దసరా సెలవుల్లో మా అమ్మాయి పాత బీరువా సర్దుతానని కూర్చుంది. పట్టుచీరల వెనకాల ఒక బాక్స్ ఫైలు, దాని పక్కన ఒక రేకు డబ్బా బయటపడ్డాయి. డబ్బా మూత తీస్తే లోపలంతా పాత పేపరు పొట్లాలు. ఒక్కో పొట్లం మీద బాల్ పెన్నుతో తేదీ. ఒకటి విప్పి చూసింది... చింతపిక్కలు!

"ఏంటమ్మా ఇవి? అష్టాచెమ్మా ఆడుకోడానికి దాచావా?" అని ఒకటే నవ్వు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. అవి 2004 వానాకాలంలో మా అత్తగారు లెక్కపెట్టిన గిజిగాడి గూళ్లు. పూర్తయిన గూటికి నిండు పిక్క, సగంలో ఆగిన గూటికి పిక్కబద్ద. ఆవిడకి చదువు రాదు మరి. పొట్లం మీద తేదీ మాత్రం మా మామగారు వేసేవారు.

అప్పట్లో నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. పశ్చిమ గోదావరి జిల్లాలో మా అత్తగారి ఊళ్లో, ఇంటి వెనక చేలో ఒక నుయ్యి ఉండేది. దాని మీదికి వాలిన రెండు తుమ్మచెట్లు, గట్టున వరసగా తాడిచెట్లు. తొలకరి పడిందంటే చాలు, గిజిగాళ్లు దిగేవి. 2003 నుంచి ప్రతి ఆదివారం గూళ్లు లెక్కపెట్టి నోటుబుక్కులో రాయడం మొదలెట్టాను. "పిట్టల్ని చూసినందుకు జీతమిస్తారటే నీకు?" అని అత్తగారు వేళాకోళమాడేవారు. మరుసటేడు నేను పురిటికి పుట్టింటికి బయల్దేరుతుంటే ఆవిడే, "నువ్వు దిగులు పెట్టుకోకు, ఆదివారం లెక్క నే చూస్తాలే" అన్నారు. చూశారు కూడా. ఒక్క వారం తప్పలేదు.

మూడు వానాకాలాల లెక్క చేతికొచ్చాక 2006లో నలభై పేజీలు టైపు చేయించి ఒక సైన్సు పత్రికకి పంపాను. నెలన్నరకి తిరిగొచ్చింది. మూడంటే మూడు లైన్ల ఉత్తరం. 'దీనిలో స్పష్టమైన ప్రశ్న లేదు' అన్నది అందులో ఒకటి. ఆ రాత్రి ఏడ్చాను. తెల్లారి ఫైలు బీరువాలో పెట్టేశాను. తర్వాత ట్రాన్స్‌ఫర్లు, పిల్లలు, పరీక్ష పేపర్లు దిద్దడాలు... 2014లో ఆ నుయ్యి పూడ్చేసి ప్లాట్లు వేశారు. చెట్లూ పోయాయి. అంటే ఆ గూళ్ల గురించి ఈ లోకంలో మిగిలిన సాక్ష్యం నా మూడు నోటుబుక్కులు, ఆ చింతపిక్కలూ. అంతే!

"మళ్లీ రాద్దామమ్మా" అంది మా అమ్మాయి. తనూ జువాలజీయే, డిగ్రీ ఫైనలియర్. నేను పుట్టింట్లో ఉండగా పుట్టింది అదే!

మీలో ఎంతమంది ఇళ్లలో రెక్సిన్ అట్ట వేసిన ఎమ్మెస్సీ ప్రాజెక్టో, ఎంఫిల్ థీసిసో అటక మీద ఉందో నాకు తెలుసు. నా తరంలో జువాలజీ చదివిన ఆడపిల్లలు తక్కువేం కాదు. అందుకే ఈ ఏడాదిగా మేమిద్దరం పడ్డ పాట్లు చెబుతున్నాను.

ముందు ప్రశ్న... తర్వాతే పేపరు

నా పాత నలభై పేజీల్లో లేనిదంటూ లేదు. గిజిగాడి రంగు, ముక్కు, అరుపు, వరి ఆకు ఎలా చీలుస్తుందో, గూట్లో తడిమట్టి ఎందుకు అంటిస్తుందో, అన్నీ రాశాను. కానీ ఇవన్నీ ఇంతకుముందే చూసి రాసినవాళ్లున్నారు. 1930 వానాకాలంలో సలీం అలీ బొంబాయి దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న కిహిం గ్రామంలో ఇదే పిట్టని నెలల తరబడి గమనించారు. అప్పుడాయనకి ఉద్యోగం కూడా లేదు. మగపిట్ట సగం గూడు కట్టి ఆగుతుందని, ఆడపిట్ట వచ్చి పరీక్ష చేసి నచ్చితేనే అందులో చేరుతుందని, తర్వాత మగపిట్ట ఆ గూడు పూర్తిచేసి, మళ్లీ ఇంకో గూడు, ఇంకో పెళ్లాం కోసం మొదలెడుతుందని 1931లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో రాశారు. (పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు ఇల్లు చూసి 'ఊహూఁ' అని వెళ్లిపోయే ఆడపిల్ల! మా అత్తగారికి ఈ సంగతి చెబితే వారం రోజులు నవ్వుకున్నారు.)

మరి నా నోటుబుక్కులో ఉన్నదీ, ఇతరులు రాయనిదీ ఏమిటి? మేమిద్దరం నాలుగు ఆదివారాలు దీని మీదే కూర్చున్నాం. చివరికి తేలింది ఒక్క ప్రశ్న: నూతి మీద తుమ్మకొమ్మలకి కట్టిన గూళ్లలో, గట్టు మీద తాడిచెట్టుకి కట్టిన గూళ్లలో, ఎక్కడివి ఎక్కువగా సగంలో ఆగిపోయాయి? అంతే. ఆ ప్రశ్నకి పనికిరాని ప్రతి వాక్యం కొట్టేశాం. నలభై పేజీలు పదకొండయ్యాయి. కొట్టేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంది, అబద్ధమెందుకు?

రాసే వరస కూడా అప్పుడు నేను తప్పే చేశాను. మొదటి పేజీ నుంచి మొదలెట్టి చివరికి రాయబోయాను. అలా కుదరదు. ముందు పట్టికలు, బొమ్మలు తయారుచేసుకోవాలి. వాటిని చూస్తూ 'ఏం చేశాం', 'ఏం కనిపించింది' రాయాలి. దాని అర్థమేమిటో తర్వాత. ఉపోద్ఘాతం ఆ తర్వాత. పత్రికలో మొట్టమొదట కనిపించే సారాంశం, శీర్షిక అన్నిటికంటే చివర రాయాలి. ఇల్లు కట్టాకే కదా గుమ్మానికి తోరణం!

'తగినంత ఉప్పు' పనికిరాదు

వంటల పుస్తకాల్లో 'ఉప్పు తగినంత' అని ఉంటుంది చూశారూ? కొత్త కోడలు దాన్ని పట్టుకుని ఏం చెయ్యాలి? జువాలజీ పేపర్లో 'ఏం చేశాం' అనే భాగం అలా ఉండకూడదు. 'ఉదయం వేళల్లో తరచుగా గమనించితిమి' అని నేను 2006లో రాశాను. ఏ వేళ? ఎన్నిసార్లు? ఎంత దూరం నుంచి? ఏ బైనాక్యులర్స్‌తో? ఈసారి 'ప్రతి ఆదివారం ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు, నూతికి ఇరవై అడుగుల దూరంలో ఉన్న పశువుల పాక అరుగు మీద నుంచి' అని రాశాను. మనం చచ్చిపోయినా, ఇంకొకరు వచ్చి అదే పని అలాగే చెయ్యగలగాలి. అదీ లెక్క.

అన్నిటికంటే ముఖ్యం చోటు. ఎక్కడ చూశామో కచ్చితంగా రాయకపోతే ఏమవుతుందో మన రాయలసీమ సాలీడుని అడగండి. నీలంగా మెరిసే ఆ పెద్ద సాలీడుకి 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త పేరు పెట్టాడు. దొరికింది ఒక్కటే, అదీ గుత్తి రైల్వే కలప యార్డులో. దుంగలతో పాటు రైలెక్కి వచ్చిందన్నమాట. గుత్తి అనే పేరు దానికి అతుక్కుపోయింది కానీ, అది నిజంగా బతికే అడవి తెలియడానికి వందేళ్లు పట్టింది. 2001లో నంద్యాల - గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది, గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో! ఇవాళ అది అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది.

అంతెందుకు, మన గిజిగాడి సంగతే చూడండి. దాని శాస్త్రీయ నామం ప్లోసియస్ ఫిలిప్పైనస్. తీరా చూస్తే ఫిలిప్పైన్స్ దీవుల్లో ఈ పిట్టే లేదు! 1766లో లిన్నేయస్ పేరు పెట్టేటప్పుడు ఊరు పొరబడ్డాడు. అయినా ఆ పేరు మార్చడానికి వీల్లేదు. మొదట పెట్టిన పేరుదే హక్కు అని జంతువుల పేర్లకి అంతర్జాతీయ నియమావళి ఉంది. పొరబాటు అలా రెండున్నర శతాబ్దాలుగా పిట్ట మెడలో వేలాడుతూనే ఉంది.

అందుకే మా అమ్మాయి సెల్‌ఫోను పట్టుకుని ఆ ప్లాట్ల మధ్యకి వెళ్లి, నుయ్యి ఉన్న చోట నిలబడి, అక్షాంశ రేఖాంశాలు రాసుకొచ్చింది. అక్కడ ఇప్పుడొక కాంపౌండు గోడ ఉంది.

పేరు రాయడంలో ఇంకో చిన్న మెలిక. పేపర్లో మొదటిసారి ప్లోసియస్ ఫిలిప్పైనస్ అన్నప్పుడు పక్కన (లిన్నేయస్, 1766) అని బ్రాకెట్లో రాయాలి. బ్రాకెట్ ఊరికే కాదు. లిన్నేయస్ దీన్ని మొదట లాక్సియా అనే వేరే ప్రజాతిలో పెట్టాడు, తర్వాత వేరేవాళ్లు మార్చారు అని దానర్థం. ప్రజాతి మారకపోతే బ్రాకెట్ ఉండదు. నేను డిగ్రీలో పాఠం చెప్పినన్నేళ్లూ ఇది చెప్పాను, నా 2006 పేపర్లో మాత్రం బ్రాకెట్ మర్చిపోయాను!

ఇక కొత్త జీవినే కనిపెట్టామంటే తతంగం పెద్దది. పేరుకి ఆధారమైన నమూనాని నలుగురూ వచ్చి చూసుకునేలా గుర్తింపు ఉన్న సంస్థలో భద్రపరచాలి. కొత్త జీవి దొరికితే ఆ సంగతి తెలియజేసి నమూనా అప్పజెప్పాలని మన జీవవైవిధ్య చట్టం, 2002 చెబుతోంది. 1916లో మొదలైన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. పత్రిక కేవలం ఇంటర్నెట్‌లోనే వచ్చేదైతే జూబ్యాంక్ అనే చిట్టాలో ముందుగా నమోదు చేయించాలి. అన్నట్టు, మనిషి పేరు జీవికి పెడితే మగవారికి చివర 'ఐ', ఆడవారికి 'ఎ, ఇ' అక్షరాలు చేరుస్తారు. లాటిన్ వ్యాకరణంలో అయినా ఆడపేరు ఆడపేరులానే మిగులుతుందన్నమాట!

ఇంతకీ ఎవరి పేరు వెయ్యాలి?

ఇక్కడే మాకు అసలు గొడవ వచ్చింది. నా సర్టిఫికెట్లన్నీ పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి. ఉద్యోగంలో, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు. పేపరు ఏ పేరుతో? పత్రికలు ఇంటిపేరుతోనే గుర్తిస్తాయి. ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకోటి వేస్తే ఆ ఇద్దరూ ఒకరేనని ఎవరికీ తెలియదు. మగవాళ్లకి ఈ తలనొప్పి లేదు కదా! 2012 నుంచి ఓర్కిడ్ అని పదహారంకెల నంబరు ఉచితంగా ఇస్తున్నారు. పేరు మారినా నంబరు మారదు. పెళ్లి కావలసిన ఆడపిల్లలు రీసెర్చిలో చేరగానే ముందు అది తీసుకోండి. నేను మా నాన్నగారి ఇంటిపేరే వేసుకున్నాను. మా వారు ఒక్క మాటా అనలేదు, నేనే రెండు రోజులు ఆలోచించాను.

అంతకంటే కష్టమైంది అత్తగారి సంగతి. 2004 లెక్కంతా ఆవిడదే. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. "నానమ్మ పేరు కూడా రచయితల్లో ఉండాలి" అని మా అమ్మాయి పట్టు. కానీ పేపరు రాయడంలో పాలుపంచుకుని, తుది ప్రతి చదివి ఒప్పుకున్నవాళ్లనే రచయితలనాలని చాలా పత్రికలు పాటించే నియమం. లెక్క ఎవరు పెట్టారో దాచడం ఇంకా తప్పు. అందుకని 'రెండో పరిశీలకురాలు' అని ఆవిడ పేరు, చింతపిక్కల పద్ధతితో సహా, పేపరు మధ్యలోనే రాశాం. చివర కృతజ్ఞతల్లో మళ్లీ రాశాం. న్యాయంగానే చేశాం అనుకుంటున్నాను కానీ, నాకు పూర్తిగా తృప్తిగా లేదు. చూసేవాళ్లు ఒకరు, రాసేవాళ్లు ఒకరు అయినప్పుడు పేరు రాసేవాళ్లకే పోతుంది. కలివికోడి కథా అంతే. ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనిపించని ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో దొరికినప్పుడు పట్టుకున్నది ఆ ప్రాంతపు వేటగాడు. ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

'డియర్ రెస్పెక్టెడ్ మేడమ్'

ఏ పత్రికకి పంపాలి? పేపరు రాశాక కాదు, రాయకముందే తేల్చుకోవాలి. పిట్టల మీద చిన్న పరిశీలనలు వేసేవీ ఉన్నాయి, కొత్త జీవుల వర్ణనలే వేసేవీ ఉన్నాయి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్ 1886 నుంచి వస్తోంది. హైదరాబాద్ నుంచే 'ఇండియన్ బర్డ్స్' వస్తోంది. ఏదైనా సరే, రెండు మూడు పాత సంచికలు చదివి, రచయితలకిచ్చే సూచనల కాగితం ఎదురుగా పెట్టుకోవాలి. పదాల పరిమితి, పట్టికల తీరు, పాత పేపర్లని ఉదహరించే పద్ధతి ఒక్కో పత్రికకి ఒక్కో రకం. ఇవి పాటించకపోతే లోపల ఏముందో చూడకుండానే వెనక్కొస్తుంది. ఒకేసారి రెండు పత్రికలకి పంపడం మాత్రం పెద్ద తప్పు.

నాకొచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం, తెలుగు మీడియం చదువు. చిన్న వాక్యాలు రాశాను, సరిపోయింది. భాష దిద్దడానికి కంప్యూటర్ తెలివితేటల సాయం తీసుకుంటే ఆ సంగతి చెప్పమని ఇప్పుడు చాలా పత్రికలు అడుగుతున్నాయి. తీసుకుంటే చెప్పండి.

ఇక జాగ్రత్త పడాల్సింది మోసగాళ్లతో. మా అమ్మాయి ఒక సెమినార్‌లో ఈమెయిల్ ఇచ్చిందో లేదో, 'డియర్ రెస్పెక్టెడ్ మేడమ్, మీ అమూల్య పరిశోధనా వ్యాసం మా అంతర్జాతీయ పత్రికకి పంపండి, నాలుగు రోజుల్లో వేస్తాం' అని ఉత్తరాలే ఉత్తరాలు. వేస్తారు, డబ్బు కట్టాక! పేపరు ఎవరూ చదవరు, దిద్దరు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక పెద్ద ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. నిపుణులు పరిశీలిస్తారని అబద్ధం చెప్పి, ఫీజు సంగతి దాచి రచయితల్ని మోసగించారని తేల్చి, 2019లో అక్కడి కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మన ఊరి నుంచి ఇలాంటి పేరు వెళ్లినందుకు సిగ్గేసింది.

ఇలాంటి పత్రికలకి పిల్లలెందుకు పడిపోతారంటే, పీహెచ్‌డీకి పేపరు ఉండాలన్న ఒత్తిడి. యూజీసీ 2022 నవంబరులో ఇచ్చిన నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు పేపరు అచ్చుకావాలన్న తప్పనిసరి షరతు తీసేసింది. అయితే మీ యూనివర్సిటీ సొంత నియమం ఏముందో కనుక్కోండి. మంచి పత్రికల పేర్లతో యూజీసీ నడిపిన కేర్ జాబితాని కూడా 2025లో ఆపేశారు. కాబట్టి మంచీచెడూ ఇప్పుడు మనమే చూసుకోవాలి. సంపాదకులెవరు, వాళ్లు నిజంగా ఉన్నారా, పాత సంచికల్లో రాసినవాళ్లు ఎవరు, ఫీజు ముందే చెప్పారా... చీర కొనేముందు అంచు తిరగేసి చూడమూ?

వేసవి సెలవుల్లో పేపరు పంపాం. కంప్యూటర్ మీట నొక్కేముందు మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని నొక్కించింది. వెంటనే ఒక నంబరొచ్చింది. మూడు నెలలకి ఇద్దరు పరిశీలకుల అభిప్రాయాలొచ్చాయి. ఎవరో చెప్పరు. 'పెద్ద మార్పులు అవసరం' అని ఉంది. 2006లో అయితే అది చూసి బీరువా తెరిచేదాన్నే. ఇప్పుడు తెలిసింది, మార్పులు చెయ్యమనడమంటే తలుపు వేసెయ్యలేదని.

మొత్తం ఇరవై రెండు ప్రశ్నలు. ఒక కాగితం మీద ఎడమవైపు వాళ్ల ప్రశ్న, కుడివైపు మా జవాబు, పేపర్లో ఏ లైను మార్చామో దాని నంబరు. వాళ్లు చెప్పినదాంట్లో పదిహేడు మంచి సలహాలే. మూడింటికి 'మన్నించండి, ఇందువల్ల కుదరదు' అని కారణం రాశాం. ఎదురు చెప్పొచ్చు, మర్యాదగా చెప్పాలంతే.

మిగిలినవి రెండు. 'చదువురాని రెండో పరిశీలకురాలి లెక్క నమ్మదగిందని ఎలా చెప్పగలరు?' అన్నది ఒకటి. చదవగానే ఒళ్లు మండింది. ఒక పూట అలకపాన్పు ఎక్కాను. తర్వాత నోటుబుక్కు తీస్తే, 2004 జూన్‌లో పుట్టింటికి వెళ్లేముందు ఆవిడకి నేర్పుతూ ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టిన ఆరు రోజులు కనిపించాయి. ఐదు రోజులు ఇద్దరి లెక్కా ఒక్కటే. ఆరోరోజు ఆవిడకి ఒక గూడు ఎక్కువ. ఆ పేజీ పక్కన నా చేతిరాతే ఉంది: 'తాడాకు చాటున ఒకటి నేను చూడలేదు, అత్తయ్య చూపించారు.' ఆ ఆరు రోజుల పట్టిక అలాగే జతచేశాం.

రెండోది చిన్న ప్రశ్న. 'ఈ స్థలంలో ఇప్పుడు పరిస్థితి ఏమిటి?'

'నుయ్యి 2014లో పూడ్చారు. చెట్లు లేవు. గూళ్లు లేవు' అని రాయడానికి నాకొక సాయంత్రమంతా పట్టింది. సవరించిన ప్రతి పోయిన నెల పంపించాం. జవాబు ఇంకా రాలేదు. చింతపిక్కల పొట్లాలు మాత్రం బీరువాలో పెట్టలేదు. మా అమ్మాయి ఒక్కో పొట్లం ఫొటో తీసి, నంబరు వేసి, పేపరుతో పాటు అడిగితే చూపించడానికి విడిగా పెట్టింది.